పెరటి వైపు అంతా క్షేమం

ఆళ్లగడ్డ,
2-2-1976

అక్కకు,

ప్రభువు కృప వల్ల నేను బాగున్నాను. నువ్వు ఎలా ఉన్నావని అడగను. బడిలో పిల్లల్ని తిట్టింది చాలనట్టు పోయిన ఉత్తరంలో నన్ను రెండు పేజీలు తిట్టావు, కాబట్టి నీ ఒంట్లో ఓపికకు కొదవ లేదు. లూదియాను నంద్యాలలో నీ దగ్గర వదిలిపెట్టి వచ్చినప్పటి నుంచి నాకు ఆమె మీద కంటే నీ మీదే ఎక్కువ బెంగ. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారా, లేక నువ్వు మాట్లాడితే ఆమె వింటోందా?

నాకు కొత్త డ్యూటీ పడింది. ఇక్కడ భూపరిమితి కేసులు చూసే ఆఫీసరు గారి ఇంటికి కాపలా. ఎవరి దగ్గర ఎన్ని ఎకరాలు ఉండాలో, ఎంత సర్కారుకు వదలాలో తేల్చేది ఆయనే. పోయిన నెల పేరు లేని ఉత్తరం ఒకటి వచ్చిందట. ఏ చేత్తో సంతకం పెడతావో ఆ చెయ్యి ఉండదు అని. అందుకని పోలీసు కాపలాగా మా స్టేషను నుంచి నన్నూ సుబ్బయ్యనూ వేశారు. పగలు నేను, రాత్రి సుబ్బయ్య.

ఇల్లు రైలుపెట్టె లాగా పొడుగ్గా ఉంటుంది. రెండు పక్కలా వేరేవాళ్ల ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. ముందు అరుగు, తరువాత నడవ, ఆ పక్కన ఆఫీసరు గారి గది, ఆ వెనక వంటిల్లు, దాని వెనక పెరడు, బావి. పెరటి గోడకు సందులోకి ఒక తలుపు ఉంది. అరుగు మీద నుంచి పెరట్లోకి పోవాలంటే వంటింట్లో నుంచే దారి. బయటి నుంచి పోవాలంటే వీధి చివరి దాకా పోయి, పక్క వీధి అంతా తిరిగి సందులోకి రావాలి. అది పావుగంట పని, అంతసేపూ ముందు వాకిలి ఖాళీ.

రెండు గంటలకోసారి ఇంటి చుట్టూ చూసి డ్యూటీ పుస్తకంలో రాయాలి. ముందు వైపు అంతా క్షేమం, పెరటి వైపు అంతా క్షేమం అని రాసి సంతకం పెట్టాలి. ఆఫీసరు గారి తల్లి కమలాక్షమ్మ గారు మొదటి రోజే మనది ఏ ఊరని అడిగింది. గోస్పాడు అన్నాను. నాయన పేరు అడిగింది. మత్తయి అన్నాను. ఇక ఏమీ అడగలేదు. "అరుగు మీద కూచో నాయనా. వంటిల్లు దాటి బాయి కాడికి మాత్రం రావద్దు" అంది. కోపంగా కాదు, వాన వస్తుంది గొడుగు తీసుకో అన్నట్టు అంది. మజ్జిగ రోజూ ఇస్తుంది. నా గ్లాసు అరుగు గూట్లోనే ఉంటుంది, నేనే కడిగి పెట్టుకోవాలి. సుబ్బయ్యకు ఈ అడ్డు లేదు. వాడు వంటింట్లో నుంచే పోయి పెరడంతా తిరిగి వస్తాడు.

మరి పగలు పెరడు ఎవరు చూడాలని ఆఫీసరు గారిని అడిగాను. మంచివాడే. ఫైలు మీద నుంచి తలెత్తకుండా, "అమ్మ పద్ధతి అంతేప్పా, కొంచెం సర్దుకో" అన్నారు. వచ్చేవాళ్లు ఎప్పుడు వచ్చినా రాత్రే వస్తారని ఆయన నమ్మకం.

నాకు ఆ నమ్మకం లేదు. పై అధికారికి అర్జీ రాశాను. అందులో ఎవరినీ ఒక్క మాట అనలేదు. పగటి కాపలాకు పెరటి వైపు పోయే వీలు లేదు, సందు వైపు ఇంకొకరిని వేయండి, అంతే. నా రాత కోడి గీకినట్టు ఉంటుందని నువ్వే అంటావు కదా, చిత్తు ప్రతి ఇందులో పెట్టాను. ఒక తెల్లకాగితం అడుగున సంతకం కూడా చేసి పెట్టాను. దాని పైన నీ మంచి అక్షరాలతో రాసి అక్కడి నుంచే పోస్టు చెయ్యి. ఇక్కడ డబ్బాలో వేస్తే నాకంటే ముందు ఊరికి తెలుస్తుంది.

లూదియాను బావిలో నీళ్లు తోడనివ్వకు.

నీ తిట్ల కోసం ఎదురుచూసే తమ్ముడు,
సుందరరాజు


నంద్యాల,
8-2-1976

చిరంజీవి సుందరరాజుకు అక్క జీవరత్నం దీవెనలు.

నీ భార్య నీళ్లు తోడడం లేదు, బిందె నేనే మోస్తున్నాను, నా నడుము గురించి ఎవరూ అడగరు. ఆమెకు సీమచింతకాయల మీద మనసు పోయింది. బడి పిల్లల్ని అడిగితే సంచీ నిండా తెచ్చారు. అవి తిని రెండు రోజులు కడుపునొప్పి అని పడుకుంది, ఇప్పుడు మళ్లీ కావాలంటోంది. మే నెల మధ్యలో కాన్పు అని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది.

గ్లాసు సంగతి చదివి నాకు ఒళ్లు మండింది. ఆ గ్లాసు తీసుకెళ్లి ఆ ముసలావిడ నెత్తిన బోర్లించాలనిపించింది. తరువాత చల్లబడ్డాను. ఎందుకు చల్లబడ్డానో చెబుతాను, విను.

నువ్వు నంద్యాలకు బదిలీ అడిగి ఎనిమిది నెలలైంది. జూన్‌లో వస్తుందని అంటున్నావు. ఇవి ఎలాంటి రోజులో నీకు తెలియదా? అర్జీలో ఏముందో చూసేముందు అది పెట్టినవాడు ఎవడని చూస్తారు. నాయన గుర్తున్నాడు కదా. పై వీధిలో పోవాలంటే చెప్పులు చేత పట్టుకుని పోయేవాడు. నేను టీచరు ఉద్యోగంలో చేరి మొదటి జీతంతో కొనిచ్చిన చెప్పులు కూడా అలాగే చేత్తో మోశాడు. మనకు సిగ్గుగా ఉండేది. కానీ ఆ మనిషి ఎవరితోనూ ఒక మాట పడకుండా పోయాడు, మనల్ని చదివించాడు.

అందుకని నువ్వు నోరు మూసుకుని డ్యూటీ చెయ్యి. అర్జీ సంగతి నాకు వదిలెయ్యి. ఎప్పుడైనా తప్పక లోపలికి పోవలసి వస్తే ఆ మేకుల బూట్లతో దబదబా పోవద్దు. మొన్న పండగకు వచ్చినప్పుడు అలికిన ఇంట్లోకి అలాగే వచ్చావు, ఇప్పటికీ గుంటలు ఉన్నాయి. విప్పి పక్కన పెట్టి వెళ్లు. మర్యాద తెలియదని మనల్ని ఎవరూ అనకూడదు.

రాత్రి ప్రార్థనలో నీ పేరు రోజూ చెబుతున్నాం. లూదియా రెండుసార్లు చెబుతోంది.

అక్క,
జీవరత్నం


ఆళ్లగడ్డ,
3-3-1976

అక్కకు వందనాలు.

అర్జీ పంపినందుకు సంతోషం. ఇంతవరకు పై నుంచి జవాబు రాలేదు. రాకపోయినా పెద్దగా దిగులు లేదు. తెలియజేయవలసినవాళ్లకు తెలియజేశాను, ఇక పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు మునుపటిలా చెయ్యి వెనకాడడం లేదు.

పైగా ఇక్కడ ఒక ఏర్పాటు కుదిరింది, చదివి నవ్వు. నేను రోజూ పుస్తకం పట్టుకుని వంటింటి వైపు చూస్తూ నిలబడడం కమలాక్షమ్మ గారు గమనించింది. ఏమి రాస్తావని అడిగింది. చెప్పాను. దానికేముంది, పెరడు నేను చూస్తాను, నువ్వు రాసుకో అంది. అప్పటి నుంచి పదికి, పన్నెండుకు, రెండుకు, నాలుగుకు ఆమె పెరట్లోకి పోయి బావి చుట్టూ తిరిగి, సందు తలుపు తీసి అటూ ఇటూ చూసి, వంటింట్లో నిలబడి కేక వేస్తుంది. "రాజూ, పెరటి పక్క ఏమీ లేదు, రాసుకో." నేను రాసుకుంటాను. ఒకరోజు గోడ మీద పిల్లి ఉందని, అది కూడా రాయమని పట్టుబట్టింది.

ఆమెకు డెబ్బై ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. అయినా గడియారం చూసుకుని మరీ కేక వేస్తుంది. నాకు ఎప్పుడైనా రెండు నిమిషాలు ఆలస్యమైతే, నిద్రపోయినావా అని అడుగుతుంది. సుబ్బయ్య ఆమెకు జమేదారు అని పేరు పెట్టాడు, అది విని ఆమె మురిసిపోయింది. వీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు. ఎదురింటివాళ్లు కేక వినబడగానే గంట ఎంతైందో చెప్పుకుంటున్నారు.

లూదియా కడుపుతో ఉందని తెలిసి ఊరమిరపకాయలు, చింతకాయ తొక్కు జాడీలో పెట్టి ఇచ్చింది. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. కడుపునొప్పి తెచ్చుకోకుండా తినమను.

నీ తమ్ముడు,
సుందరరాజు


నంద్యాల,
12-3-1976

సుందరరాజుకు,

జాడీ చేరింది. పగలకుండా చేరింది కాబట్టి ఆ డ్రైవరు మంచివాడే. తొక్కు బాగుంది, ఆ మాట ఒప్పుకోక తప్పదు. నీ భార్య అన్నంలో కలుపుకోవడం మానేసి వట్టిదే నాకుతోంది.

ఒక సందేహం తీర్చు. ఖాళీ అయిన జాడీ తిరిగి పంపమంటుందా? లేక మనం ముట్టింది కాబట్టి ఉంచుకోమంటుందా? కనుక్కుని రాయి.

పోలీసులు ఆఫీసరుకు కాపలా, ఆఫీసరు తల్లి పోలీసుకు కాపలా. నాలుగో తరగతిలో ఇలా లెక్క చేస్తే తప్పు అని కొట్టేస్తాను. కానీ నీ ఉద్యోగం గడుస్తోంది, ఆమె సంతోషంగా ఉంది, అదే చాలు. అర్జీ గురించి ఇక ఊరికే తలుచుకోకు. రావలసింది వస్తుంది.

బడిలో తనిఖీ ఉంది. గోడలకు సున్నం వేయిస్తున్నాం.

అక్క


ఆళ్లగడ్డ,
5-4-1976

అక్కకు,

కార్డు మీద చోటు లేదు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. జాడీ సంగతి అడిగాను. ఉంచుకోమంది. నువ్వు గెలిచావు.

ఇక్కడ పెద్ద రైతు ఒకాయన భూముల కేసు ఈ నెల ఇరవైన తేలుతుంది. వందల ఎకరాలట. ఆఫీసరు గారు సరిగా తినడం లేదు. రాత్రి కాపలాకు ఇంకొకరిని పెంచారు. పగటికి అడిగితే, పగలు నువ్వు ఉన్నావు కదా అన్నారు. మే దాకా సెలవులు లేవు. లూదియాకు నువ్వే చెప్పు, నాకు చెప్పడం రాదు.

సుందరరాజు


నంద్యాల,
24-4-1976

సుందరరాజుకు,

నిన్న మా హెడ్మాస్టరు జ్ఞానప్రకాశం గారు స్టాఫు రూములో పేపరు చదివి, కళ్లద్దాలు తీసి, మీ తమ్ముడు ఆళ్లగడ్డలోనే కదమ్మా అన్నారు. పేపరు నా చేతికిచ్చారు. పట్టపగలు ఆఫీసరు గారి ఇంటి పెరట్లోకి ఇద్దరు కొడవళ్లతో వచ్చారని, ఆయన కుడిచెయ్యి నరికారని, అడ్డం పోయిన ముసలి తల్లిని తోసేస్తే తుంటి ఎముక విరిగిందని ఉంది. ఆ కింద ఇంకో ముక్క ఉంది. కాపలా పోలీసు ముందు అరుగు మీద నిద్రపోతున్నాడట.

నువ్వు నాకు ఒక్క ముక్క రాయలేదు. పేపరులో చదువుకోవలసి వచ్చింది. నీ పేరు వేయలేదు కాబట్టి సరిపోయింది, వేసి ఉంటే బడిలో తలెత్తుకునేదాన్ని కాదు. లూదియాకు చెప్పలేదు. ఆ పేపరు పొయ్యిలో పెట్టాను.

నీ నిద్ర సంగతి నాకు తెలియనిదా? క్రిస్మస్ ఆరాధనలో నాయన ఒళ్లో తల పెట్టి గురక పెడితే పాస్టరు గారు ప్రసంగం ఆపారు. పరీక్ష హాల్లో నిద్రపోయి లెక్కల పేపరు సగం వదిలేసి వచ్చావు. ఇప్పుడు చేతిలో తుపాకి పెట్టుకుని నిద్రపోయావు. ఆ ముసలావిడ రెండు గంటలకోసారి నీకోసం పెరడు తిరిగిందే, ఆమె మొహం ఎలా చూస్తావు? గ్లాసు వేరే పెట్టిందని నేనూ ఏదో అన్నాను. కానీ ఆమె తన పని తాను చేసింది. నువ్వు చేయలేదు.

కోపంలో రాస్తున్నాను. ఉద్యోగం ఉందో లేదో అది మాత్రం వెంటనే రాయి.

జీవరత్నం


ఆళ్లగడ్డ,
28-4-1976

అక్కకు,

నేను నిద్రపోలేదు.

జరిగింది రాస్తాను. ఇరవైన తీర్పు చెప్పారు. ఇరవై ఒకటిన ఆఫీసరు గారు కచేరి నుంచి మూడు దాటాక వచ్చారు. బావి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు. రెండింటికి కమలాక్షమ్మ గారు రోజూ లాగే కేక వేసింది, నేను రాశాను. తరువాత ఆమె చాప మీద ఒరిగింది. పాచిపనికి వచ్చే శివమ్మ కోసం సందు తలుపు గడియ తీసే ఉంటుంది. మూడున్నరకు వాళ్లు ఆ తలుపులో నుంచి వచ్చారు. ఊరంతటికీ తెలిసిన సంగతే కదా, రాత్రి పెరట్లో పోలీసు ఉంటాడు, పగలు ముసలామె ఉంటుంది. నేను పోయేసరికి వాళ్లు గోడ అవతల ఉన్నారు. ఆయనకు మూడు వేళ్లు లేవు. ఆమె బావి గట్టు పక్కన పడి ఉంది.

నన్ను డ్యూటీ నుంచి తప్పించి స్టేషను వెనక గదిలో ఉంచారు. ఉద్యోగం ఉందో లేదో ఇంకా తెలియదు. విచారణకు కర్నూలు నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. డ్యూటీ పుస్తకం ముందు పెట్టుకుని మొదటి నుంచి చదివించారు. రోజుకు నాలుగుసార్లు పెరటి వైపు అంతా క్షేమం. ఇన్నిసార్లు పెరట్లోకి పోయినావు కదా, అక్కడ ఏ చెట్టు ఉందో చెప్పు అన్నారు. నాకు తెలియలేదు. నిమ్మచెట్టట.

అప్పుడు చెప్పాను. నేను పెరట్లోకి పోలేనని ఫిబ్రవరిలోనే అర్జీ పెట్టుకున్నాను, జవాబు రాలేదు అన్నాను. ఆయన ఫైలు తెప్పించారు. అందులో లేదు. వచ్చిన కాగితాలు ఎక్కించే ఇన్‌వర్డు పుస్తకం తెప్పించారు. అందులోనూ లేదు. "ఏందప్పా, తప్పు చేసింది చాలక అబద్ధం గూడా చెప్తాండావా?" అన్నారు.

కాబట్టి అక్కా, అది ఏ తేదీన పోస్టు చేశావో, ఏ డబ్బాలో వేశావో, రిజిస్టరు చేయించి ఉంటే ఆ రసీదు ఎక్కడ ఉందో చూసి వెంటనే రాయి. ఆ ఒక్క కాగితం దొరికితే నా తప్పు సగం కూడా కాదు. దొరకకపోతే మూడు నెలలు దొంగ సంతకాలు పెట్టినవాణ్ణి అవుతాను, ఉద్యోగం పోతుంది. మీ ముగ్గురిని ఏమి పెట్టి సాకాలి? పుట్టబోయేదాన్ని కలిపి ముగ్గురు అన్నాను.

సుందరరాజు


నంద్యాల,
2-5-1976

తమ్ముడికి,

నేను పోస్టు చేయలేదు.

ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను. వంకలు పెట్టకుండా చెబుతాను. నీ చిత్తు ప్రతి ఫిబ్రవరిలో చదివాను. అందులో ఒక్క తప్పు మాట లేదు, ఒక్క పరుషమైన మాట లేదు. అందుకే భయం వేసింది. తప్పుగా రాసి ఉంటే చదివి పక్కన పడేసేవాళ్లు. అంత సరిగ్గా రాస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి వస్తుంది. అలా జవాబు చెప్పవలసి వచ్చినవాళ్లు మనవాణ్ణి బతకనివ్వరు అనుకున్నాను. బదిలీ వచ్చేదాకా ఆగితే చాలు, ఆ ఇంటితో నీకు సంబంధం ఉండదు అనుకున్నాను. రెండూ తీసి నాయన బైబిలులో యిర్మీయా గ్రంథం దగ్గర పెట్టాను. నాకు వదిలెయ్యి అని నీకు రాశాను. నువ్వు పంపినందుకు సంతోషం అని రాసినప్పుడైనా చెప్పవలసింది. సిగ్గేసి చెప్పలేదు. తరువాత ఆ ముసలావిడ కేకల సంగతి చదివి నవ్వుకుని మరిచిపోయాను.

పైగా నిద్రపోయావని నిన్నే తిట్టాను. నన్ను క్షమించు.

నువ్వు సంతకం పెట్టిన తెల్లకాగితం ఇందులో పెట్టాను. చిత్తు ప్రతి నా దగ్గరే ఉంది. నువ్వు ఊఁ అంటే ఫిబ్రవరి తొమ్మిది అని తేదీ వేసి ఇంకో కాగితం మీద నకలు రాసి ఇస్తాను. నా చేత్తోనే పోస్టు డబ్బాలో వేశానని వచ్చి ప్రమాణం చేస్తాను. అబద్ధ సాక్ష్యం పలకకూడదని ఆదివారం బడిలో పిల్లలకు పదహారేళ్లుగా వల్లె వేయిస్తున్నాను, అయినా చేస్తాను. లూదియాకు ఏ రోజైనా నొప్పులు రావచ్చని నర్సమ్మ అంటోంది. ఒక్కపూట పక్కింటి సారమ్మను కాపలా పెట్టి బస్సెక్కుతాను. ఊఁ అను చాలు.

అక్క


చాగలమర్రి,
20-6-1976

అక్కకు వందనాలు.

పాప పుట్టిందన్న టెలిగ్రాము నాకు మే పద్నాలుగునే అందింది. తల్లీబిడ్డా క్షేమం అని చూసి స్టేషనులో అందరికీ బెల్లం పంచాను. జవాబు ఇన్నాళ్లు రాయనందుకు కోపం తెచ్చుకోకు. అంతా తేలాక రాద్దామని ఆగాను. నేను ఊఁ అనలేదని నువ్వు ఎన్ని రాత్రులు కూర్చున్నావో లూదియా రాసింది.

ఉద్యోగం ఉంది. మూడేళ్లు ఇంక్రిమెంటు ఆపారు. నంద్యాల బదిలీ ఇక మరిచిపోవలసిందే. ఇక్కడ చాగలమర్రి అవతల, కడప జిల్లా సరిహద్దు గేటు దగ్గర వేశారు. లారీలు ఆపి కాగితాలు చూడాలి. ఈ డ్యూటీకి వెనక వైపు అంటూ ఏమీ లేదు, రెండు పక్కలా రోడ్డే.

ఎలా తేలిందో చెబుతాను. విచారణ అధికారి మే మొదటి వారంలో మళ్లీ వచ్చి నన్ను ఒక్కణ్ణే పిలిచారు. కుర్చీ కూడా వేయించారు. ఉన్నదున్నట్టు రాస్తే మూడు నెలలు చూడకుండా సంతకాలు పెట్టినందుకు నన్ను తీసేయాలి, తెలిసీ ఊరుకున్నందుకు సుబ్బయ్య సంజాయిషీ ఇవ్వాలి, చెయ్యి పోగొట్టుకున్న ఆఫీసరు గారిని తన ఇంట్లో ఈ పద్ధతి ఏమిటని అడగాలి అన్నారు. అదే ఆ ఒక్కపూట నిద్రపోయాడని రాస్తే అది ఒక్కడి తప్పు, ఒక్కరోజు తప్పు. పేపర్లో ఎలాగూ వచ్చింది. అందరికీ అదే మంచిదని ఆయన అనలేదు, నేనే అనుకున్నాను.

నీ కవరు ఆ రోజే అందింది. నువ్వు ప్రమాణం చేస్తానన్న మాట రెండుసార్లు చదివాను. నీ చేత ఆ పని చేయించే ధైర్యం నాకు లేదు. ఆ తెల్లకాగితం ఉంది కదా, అడుగున నా సంతకంతో. దాని మీదే రాసిచ్చాను. ఇరవై ఒకటో తేదీ మధ్యాహ్నం డ్యూటీలో నిద్రపోయినాను, క్షమించగలరు అని. నా కోడి గీతలతోనే రాశాను. వాళ్లకు బాగానే అర్థమైంది.

అంతకుముందు కమలాక్షమ్మ గారి వాంగ్మూలం తీసుకోవడానికి ఇంటికి పోయారు. నన్ను కూడా తీసుకెళ్లారు. నడవలో మంచం మీద ఉంది, కాలికి ఇసుక సంచులు కట్టారు. కాపలావాడు నిద్రపోయాడా అమ్మా అని అడిగారు. "వాడు కాదు నాయనా, నిద్రపోయింది నేను. రెండింటికి కేకేసి చాప మీద ఒరిగినా. పెరడు చూసే పని నాది. నా పేరు రాసుకోండి" అంది. అధికారి నవ్వి, పెద్దావిడ అన్నారు. రాసే గుమాస్తా కలం ఎత్తే పట్టుకున్నాడు కానీ కాగితం మీద పెట్టలేదు. ఆమె మళ్లీ చెప్పింది. మళ్లీ పెట్టలేదు.

వాళ్లు ఈ నెల మొదట్లో ఆ ఇల్లు ఖాళీ చేశారు. ఆఫీసరు గారు ఎడమ చేత్తో సంతకం నేర్చుకుంటున్నారట. ఇంటి యజమాని సందు తలుపును ఇటుకలతో మూసేశాడు. నేను చెప్పిపోదామని ఆ రోజు వెళ్లాను. ఆమెను కారులో పడుకోబెడుతున్నారు. నన్ను చూసి, ఆ జాడీ యాడుంది రాజూ అని అడిగింది. మా అక్క దగ్గరే ఉందన్నాను. "తిరిగి పంపు. మామిడికాయ పెట్టినాక నింపి పంపుతా" అంది. విలాసం సుబ్బయ్య దగ్గర ఉంది, నీకు పంపమంటాను. జాడీ శుభ్రంగా కడిగి పంపు.

ఇక ఒక్క మాట. నువ్వు ఆ అర్జీ పోస్టు చేసి ఉంటే ఇవేవీ జరిగేవి కావని, ఆ పాపం నీదేనని మోస్తున్నావట. అదంతా నువ్వు ఒక్కదానివే మోయవద్దు. విచారణలో ఎవరూ అడగనిది ఒకటి ఉంది, నేనూ చెప్పలేదు, నీకు పోయిన ఉత్తరంలోనూ రాయలేదు.

మూడున్నరకు పెరట్లో బిందె పడిన చప్పుడైంది. వెంటనే లేచాను. అప్పుడే కమలాక్షమ్మ గారి కేక వినబడింది. "రాజూ, లోపలికి రా" అని. ఎప్పుడూ అనని మాట. "రారా నాయనా" అని ఇంకోసారి కూడా పిలిచింది. తుపాకి తీసుకుని నడవ దాటి వంటింటి గడప దాకా పరుగెత్తాను. అక్కడ ఆగాను. భయపడి కాదు. దాటకూడదు అనుకుని కూడా కాదు, ఆమే పిలుస్తోంది కదా. తుపాకి గోడకు ఆనించి గడప ముందు కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టాను.

నా చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. కుడి బూటు వచ్చింది. ఎడమదాని లేసు ముడి పడింది. ఆ ముడి విప్పుతూ తల పైకెత్తితే వంటింటి వెనక తలుపులో నుంచి ఆఫీసరు గారు చెయ్యి అడ్డం పెట్టడం కనబడింది. ఒంటి బూటుతో పెరట్లోకి పోయేసరికి సందు తలుపు ఇంకా ఊగుతోంది. కింద పడి ఉన్న ఆమె మొదట నా కాళ్ల వైపు చూసింది. తరువాత ఏడ్చింది.

నువ్వు విప్పి వెళ్లమని రాసినందుకు విప్పానని అనుకోకు. నువ్వు రాయకపోయినా విప్పేవాణ్ణే. నాయన మనిద్దరికీ నేర్పిపోయాడు.

వచ్చే ఆదివారం గేటు దగ్గర ఇంకొకరిని ఒప్పించి పొద్దున బస్సుకు వస్తాను. పాపను చూడాలి. నువ్వు ఇల్లు అలికి ఉంచుతావని తెలుసు. ఈసారి బూట్లతోనే లోపలికి వస్తాను, ఏమీ అనకు.

నీ తమ్ముడు,
సుందరరాజు